పెద్దవాళ్లు జారిపడని ఇల్లు: మంచం నుంచి వీధి గేటు దాకా చేయించాల్సిన మార్పులు

రెండేళ్ల కిందట మా అమ్మ బాత్రూంలో తువ్వాలు వేసే కడ్డీని పట్టుకుని లేవబోయింది. కడ్డీ స్క్రూలతో సహా గోడలోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది. మణికట్టు విరిగింది. తుంటి విరగలేదు కదా అని ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నాం.

ఆ తర్వాత ఇంట్లో చేయించిన పనులు చూసి చుట్టాలు, స్నేహితులు అడుగుతూనే ఉన్నారు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, అమ్మానాన్నలు ఊళ్లో పాత ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్లే ఎక్కువ. అందరూ మొదట అడిగేది "ఏ టైల్స్ వేయించాలి?" అని. టైల్స్ సంగతి మూడో అంకెలో వస్తుంది. దానికి ముందు చేయాల్సినవి రెండున్నాయి, వాటిలో చాలావాటికి పెద్దగా ఖర్చు కాదు.

కొలతలన్నీ అడుగులు, అంగుళాల్లోనే ఇస్తున్నాను. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు అవే పనికొస్తాయి.

1. ముందు మనిషిని కొలవండి

టేపు, సుద్దముక్క, కాగితం పట్టుకుని ఒక పూటంతా వాళ్ల వెంట ఉండండి. "ఎక్కడ ఇబ్బందిగా ఉంది?" అని అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. అడగడం కన్నా చూడటం మేలు.

చేయి ఎక్కడెక్కడ ఆనిస్తున్నారో గమనించండి. మా ఇంట్లో పడకగది తలుపు పక్కన, నడుము ఎత్తులో, గోడ రంగు మీద అరచేతి వెడల్పున జిడ్డు మరక ఉండేది. ఏళ్ల తరబడి దాన్ని చూసి గోడకు రంగు వేయించాలనుకున్నామే తప్ప, అమ్మ రోజూ అక్కడ గోడను పట్టుకుని నడుస్తోందని తట్టలేదు. ఆ మరకే కడ్డీ ఎక్కడ బిగించాలో చెబుతుంది. రంగు వేయించే ముందు అలాంటి మరకలన్నిటి చుట్టూ సుద్దతో గీత గీయండి.

రాసుకోవాల్సిన కొలతలు:

- కుర్చీలో కూర్చుని పాదాలు పూర్తిగా నేలకు ఆనించినప్పుడు, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు. మంచానికీ కమోడ్‌కూ ఇదే ఆధారం.
- బల్ల పట్టుకుని నిలబడి, ఒక్కో పాదం ఎంత ఎత్తు లేపగలరు. రెండు కాళ్లకూ విడివిడిగా.
- ఏ చేతిలో పట్టు ఎక్కువ, ఏ మోకాలు నొప్పి.
- వాకర్ గానీ చక్రాల కుర్చీ గానీ వాడుతుంటే దాని పూర్తి వెడల్పు. కుర్చీ అయితే చక్రాలు తిప్పే చేతులకూ చోటు కలపాలి.

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఇద్దరినీ కొలవండి. నాన్నకు సరిపోయిన కమోడ్ ఎత్తులో అమ్మ పాదాలు గాల్లో తేలవచ్చు.

2. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి దారి

రాత్రి రెండింటికి నిద్రమత్తులో, కళ్లద్దాలు లేకుండా నడిచే దారి ఇది. ఇంట్లో ముందు సరిచేయాల్సింది ఇదే.

మంచం ఎత్తు మోకాలి మడత కొలతకు సమానంగా గానీ, ఒకటి రెండు అంగుళాలు ఎక్కువగా గానీ ఉండాలి. పాత మంచాల మీద మందమైన పరుపు వేస్తే ఎత్తు రెండడుగులు దాటిపోతుంది, దిగడమంటే దూకడమే. పరుపు పలచనిది వేయండి, లేదా వడ్రంగిని పిలిచి మంచం కోళ్లు కోయించండి. మంచం మరీ కిందికి ఉంటే కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టాలి. దిమ్మలో అంగుళం లోతు గుంట తొలిపించి కోడు అందులో కూర్చునేలా చేయించండి. ఊరికే ఇటుకలు పెడితే పక్కకు జారతాయి.

వెలుతురు కళ్లలో పడకూడదు, నేల మీద పడాలి. ట్యూబులైటు ఒక్కసారిగా వెలిగితే కళ్లు బైర్లు కమ్మి కాసేపు ఏమీ కనిపించదు. నేల నుంచి అడుగు ఎత్తులో, మనిషి కదలికకు వెలిగే చిన్న పసుపు లైట్లు మంచం దగ్గర ఒకటి, బాత్రూం తలుపు దగ్గర ఒకటి చాలు. ఇన్వర్టర్ ఉంటే ఈ లైట్లూ బాత్రూం లైటూ దానికి కలిపించడం మరవద్దు. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ హాల్లో ఫ్యానుకు ఉంటుంది, బాత్రూంకు ఉండదు. గది లైటుకు తలుపు దగ్గర ఒకటి, తలగడ పక్కన ఒకటి రెండు స్విచ్చులు పెట్టించండి.

ఇక దారిలో ఉన్నవి తీసేయాలి. గుడ్డ డోర్‌మ్యాట్లు, ఎక్స్‌టెన్షన్ వైర్లు, మడిచిన చాప, దారి మధ్యలో స్టూలు. వీటికి మేస్త్రీ అక్కర్లేదు, ఈ సాయంత్రమే అయిపోతుంది.

3. బాత్రూం నేల

తడి, పొడి వేరు చేయండి. స్నానం చేసే చోటు ఒక మూల, కమోడ్, వాష్‌బేసిన్ తలుపు వైపు ఉంటే, చేతులు కడుక్కోవడానికి వెళ్లిన మనిషి తడిలో కాలు పెట్టనక్కర్లేదు. రెండింటి మధ్య మూడంగుళాల గట్టు కట్టించడం మన మేస్త్రీలకు అలవాటు. ఒప్పుకోవద్దు. ఆ గట్టే కాలికి తగిలేది. నేల వాలు సరిగ్గా ఉంటే గట్టుతో పనిలేదు.

వాలు మూడడుగులకు సుమారు అర అంగుళం. అంతకన్నా తగ్గితే నీళ్లు నిలిచి పాకుడు పడుతుంది, పెరిగితే స్నానపు స్టూలు ఒరుగుతుంది. నీళ్లు పోయే జాలి తలుపుకు దూరంగా, గోడ వారగా ఉండాలి. టైల్స్ అతికించాక సిమెంటు ఆరకముందే మేస్త్రీ ముందు ఒక గోళీని నేల మీద వదలండి. అది జాలి వైపు దొర్లాలి. ఆరిన తర్వాత చెబితే మళ్లీ పగలగొట్టాల్సిందే.

టైల్స్ పెట్టె మీదో కంపెనీ కేటలాగులోనో జారుడు నిరోధం అంకె ఉంటుంది. ఆర్-10 గానీ ఆర్-11 గానీ తీసుకోండి. మ్యాట్ ఫినిష్ అని చెప్పినంత మాత్రాన జారదనుకోవద్దు. నమూనా ముక్క ఇంటికి తెచ్చి, సబ్బునీళ్లు పోసి, ఒట్టికాలితో రుద్ది చూడండి. మరీ గరుకువి కూడా మంచివి కావు, గుంటల్లో సబ్బు మడ్డి పేరుకుంటే అదే జారుతుంది. ఒక అడుగు లోపు చిన్న టైల్స్ వేస్తే అతుకులు ఎక్కువై పాదానికి పట్టు దొరుకుతుంది.

నేల, గోడ ఒకే రంగు వద్దు. శుక్లాలున్న కంటికి తెల్ల నేల మీద తెల్ల కమోడ్ అంచు కనబడదు. మా నాన్నగారు కమోడ్ ఎక్కడుందో చేత్తో తడిమి కూర్చునేవారని నేల ముదురు బూడిదరంగుకు మార్చాకే తెలిసింది.

తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు:

- పాత టైల్స్ మీదే కొత్తవి వేయడం. నేల ఎత్తు పెరిగి నీళ్లు పడకగదిలోకి వస్తాయి. దాన్ని ఆపడానికి మళ్లీ గట్టు కడతారు. పగలగొట్టే వేయించండి.
- నీటి పరీక్ష చేయకపోవడం. నీళ్లు దిగకుండా పూత వేశాక జాలి మూసి, రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలిపి, కింది ఇంటి కప్పు చూసి రండి. అపార్టుమెంట్లలో ఇది తప్పనిసరి.
- గరుకు టైల్స్ మీద రబ్బరు మ్యాట్. కింద గిన్నెల్లాంటి పట్లు ఉన్న మ్యాట్ నున్నటి నేల మీదే అతుక్కుంటుంది. గరుకు నేల మీద అదే జారుతుంది.

నేల మార్చే వీలు లేని అద్దె ఇళ్లలో మాత్రం నున్నటి టైల్స్ మీద అలాంటి మ్యాట్ వాడండి. వారానికోసారి తిరగేసి తోమాలి.

4. పట్టుకునే కడ్డీలు

ఈ ఒక్క పనిలో పొదుపు చేయవద్దు.

దుకాణంలో గ్రాబ్ బార్ అని అడగండి. తువ్వాలు కడ్డీ చూడటానికి అలాగే ఉంటుంది, మనిషి బరువు ఆపదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాల లావు, గోడకూ కడ్డీకీ మధ్య ఒకటిన్నర అంగుళాల సందు ఉండాలి. సందు ఎక్కువైతే తూలిపడినప్పుడు మోచేయి అందులో ఇరుక్కుంటుంది. గాలిపట్టుతో గోడకు అతుక్కునే ప్లాస్టిక్ పిడులు కొనవద్దు. ఎప్పుడు ఊడతాయో వాటికే తెలియదు.

బిగించే ముందు గోడ ఏదో తెలుసుకోండి. గట్టి ఇటుక గోడకు పొడవాటి యాంకర్ బోల్టులు సరిపోతాయి. బోలు ఇటుకలైతే రసాయన బంకతో బిగించే యాంకర్లు వాడాలి, లేదా గోడ అవతల ఇనుప పలక పెట్టి బోల్టును ఆరపార వేయాలి. కుళాయికి నిట్టనిలువుగా పైన, అడ్డంగా పక్కన గోడలో గొట్టాలుండే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ డ్రిల్లు పెట్టవద్దు. టైల్ దాటే వరకు డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపి, తర్వాతే వేయాలి, లేకపోతే టైల్ చిట్లుతుంది.

ఎక్కడ బిగించాలి:

- కమోడ్ పక్క గోడకు, బలమైన చేతి వైపు, సీటుకు ఎనిమిది అంగుళాల పైన ఒక అడ్డ కడ్డీ.
- సీటు ముందు అంచుకు ఆరేడు అంగుళాల ముందుగా ఒక నిలువు కడ్డీ. లేచేటప్పుడు ముందుకు వంగి పట్టుకునేది దీన్నే. రెండూ కలిసిన మూల కడ్డీ కూడా దొరుకుతుంది.
- స్నానపు స్టూలు దగ్గర ఒకటి.
- బాత్రూం తలుపు పక్కన, బయటివైపు ఒక నిలువు కడ్డీ.

ఇవి మొదటి గుర్తులే. వాళ్లను బట్టలతోనే కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని చెప్పి, చేయి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ సుద్దతో గీసి, డ్రిల్లు అక్కడే పెట్టించండి. బిగించాక ఇంట్లో బరువైన మనిషి రెండు చేతులా వేలాడినట్టు లాగి చూడాలి. పిసరంత కదిలినా విప్పి మళ్లీ బిగించాల్సిందే.

5. కమోడ్, స్నానం

మామూలు కమోడ్ సీటు పదిహేను, పదహారు అంగుళాల ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు దాని మీంచి లేవలేరు. మోకాలి మడత కొలతకు ఒకటి రెండు అంగుళాలు కలిపిన ఎత్తు చాలామందికి పద్దెనిమిది దరిదాపుల్లో తేలుతుంది. కొత్తది పెట్టిస్తుంటే, గోడకు బిగించే రకమైతే కావలసిన ఎత్తులో అమర్చవచ్చు. పాతదే ఉంచాలనుకుంటే సీటు ఎత్తు పెంచే అమరిక దొరుకుతుంది, కమోడ్‌కు బిగించే స్క్రూలున్నదే తీసుకోండి. నాలుగు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం చేసి పాత బేసిన్ మీద పెట్టడం చాలా ఊళ్లలో చూశాను. తడి నేల మీద ఆ కాళ్లు విడిపోతాయి.

షవరు కన్నా బకెట్టు, మగ్గు స్నానమే మన పెద్దవాళ్లకు అలవాటు. అలవాటు మార్చనక్కర్లేదు, బకెట్టు ఎత్తు మార్చండి. నేల మీది బకెట్టులోకి వంగి నీళ్లు ముంచుకునేటప్పుడే తల తిరిగి ముందుకు పడతారు. అడుగు ఎత్తు గల గ్రానైటు దిమ్మ కట్టించి బకెట్టును దాని మీద పెడితే, స్టూలు మీద కూర్చున్న మనిషికి నీళ్లు ఒళ్లో ఉన్నట్టు అందుతాయి. కుళాయి అంతకన్నా పైకి జరపాలి కాబట్టి ఇది టైల్స్ పనికి ముందే చెప్పండి. స్టూలుకు రబ్బరు కాళ్లు, నీళ్లు దిగే రంధ్రాలు ఉండాలి. సబ్బు, షాంపూ కూర్చున్న చోటికే అందే ఎత్తులో ఉండాలి.

గీజరు ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటనివ్వకండి. బాత్రూం కరెంటు లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. దానికి పరీక్ష మీట ఉంటుంది, నొక్కితే కరెంటు పోవాలి.

6. తలుపు, గడియ

బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటే, లోపల పడిన మనిషి శరీరమే తలుపుకు అడ్డమవుతుంది. బయటికి తెరుచుకునేలా మార్పించండి, లేదా గోడ వెంట జరిగే తలుపు పెట్టించండి. మన ఇళ్లలో బాత్రూం తలుపులు రెండున్నర అడుగులే ఉంటాయి. రెక్క, చట్రం పోగా మిగిలే దారిలో వాకరే కష్టంగా పడుతుంది. మూడడుగులు చేయించగలిగితే మంచిది, అయితే పైన లింటెల్ (తలుపు మీది గోడ బరువు మోసే అడ్డ దిమ్మ) రెండు వైపులా గోడ మీద ఎంత ఆనుతోందో ఇంజినీరుతో చూపించాకే గోడ కోయాలి. స్తంభం, దూలం జోలికి పోవద్దు.

లోపలి గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పి తెరవగల తాళం పెట్టండి. పిలుపు గంట మీట కమోడ్ పక్కన ఒకటి, నేలకు అడుగు ఎత్తులో ఒకటి ఉండాలి. పడిన మనిషికి అందేది రెండోదే. తీగలేని గంటలకు గోడ కొట్టే పని కూడా లేదు.

7. గడపలు

వీధి గుమ్మం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టుకుంటాం, దాన్ని తీయించమని నేను చెప్పను. తీయనక్కర్లేదు కూడా. కర్రతోనో కర్ర లేకుండానో నడిచేవాళ్లయితే గుమ్మం పక్కన నిలువు కడ్డీ, గడప అంచున నేలకు భిన్నమైన రంగు పట్టీ చాలు. వాకర్, చక్రాల కుర్చీ వాడేవాళ్లకు రెండు వైపులా వాలు చెక్క కావాలి. అంగుళం ఎత్తుకు కనీసం ఎనిమిది అంగుళాల పొడవు. లోపలి వైపు చెక్క తలుపు రెక్క కింది అంచుకు తగలకుండా చూసుకోండి.

గదుల మధ్య ఉన్న గడపలు, బాత్రూం ముందు గ్రానైటు పట్టీలు మాత్రం తీయించేయండి. తప్పనిసరైన చోట అర అంగుళం మించకుండా, అంచు ఏటవాలుగా చెక్కించండి.

8. వీధి మెట్లు, ర్యాంపు

రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో మొదటి మెట్టు పొట్టిదైపోతుంది. ఇంట్లో కొత్త బండలు పరిపిస్తే చివరి మెట్టు మారిపోతుంది. కాలు గుర్తుపెట్టుకున్న ఎత్తు ఒకటి, ఎదురైన ఎత్తు మరొకటి. పడటానికి అర అంగుళం తేడా చాలు. మెట్లన్నీ విడివిడిగా కొలవండి. తేడా ఉంటే ఆ ఒక్క మెట్టు కాకుండా మొత్తం వరుసను మళ్లీ పంచి కట్టించాలి. ఎత్తు ఆరంగుళాలు, పాదం పెట్టే చోటు పన్నెండు అంగుళాలు పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి నివాస గృహాలకు 190 మిల్లీమీటర్ల, అంటే ఏడున్నర అంగుళాల ఎత్తు దాకా అనుమతిస్తుంది. అది గరిష్ఠ పరిమితి. మేస్త్రీ దాన్నే ప్రమాణంగా చెబితే కాదనండి.

నున్నటి గ్రానైటు మెట్ల మీద వాన నీళ్లు గానీ ముగ్గుపిండి గానీ పడితే జారకుండా ఉండటం కష్టం. మార్చనక్కర్లేదు. కటింగు మిషనుతో ప్రతి మెట్టు అంచున మూడు గీతలు తీయిస్తే పట్టు దొరుకుతుంది. రెయిలింగు రెండు వైపులా, మూడడుగులకు కాస్త తక్కువ ఎత్తులో, పై మెట్టు, కింది మెట్టు దాటి ఒక్కో అడుగు ముందుకు సాగాలి.

ర్యాంపు విషయంలో ఎక్కువమంది తప్పు చేస్తున్నారు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్గదర్శకాల ప్రకారం చక్రాల కుర్చీకి వాలు ఒకటికి పన్నెండు. ఇంటి అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు పద్దెనిమిది అడుగులు రావాలి. స్కూటరు ఎక్కించడానికి కట్టిన నాలుగడుగుల వాలు మీద కుర్చీని నెట్టుకెళ్తే వెనక్కి తిరగబడుతుంది. అంత చోటు లేకపోతే ర్యాంపు ఆలోచన మానేసి, నాలుగంగుళాల మెట్లు, మధ్యలో నిలబడేంత చోటు, రెండు వైపులా రెయిలింగు కట్టించండి.

9. వంటిల్లు, పెరడు

రోజూ వాడే డబ్బాలన్నీ భుజానికీ మోకాలికీ మధ్య అరల్లోకి దించండి. అటక మీది సామాను వాళ్లు ఎక్కి తీయాల్సిన అవసరం రాకూడదు. పూజ దగ్గర కూర్చుని లేవలేని వాళ్లకు చేతులున్న కుర్చీ వేసి, దీపం పెట్టే పీట ఎత్తు పెంచండి.

పెరట్లో అంట్లు తోమే చోట పాకుడును బ్లీచింగు పౌడరు చల్లి గట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి. దాన్ని యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. బండలు మార్చేటట్టయితే పాలిష్ చేయని గరుకు బండలే వేయించండి.

10. పనుల వరుస

1. మొదటి రోజు: దారి ఖాళీ చేయడం, లైట్లు, మంచం ఎత్తు, పిలుపు గంట.
2. ఆ వారంలోనే: కడ్డీలు. బాత్రూం పగలగొట్టే ఆలోచన ఉన్నా, అప్పటిదాకా కమోడ్ దగ్గర ఒకటైనా బిగించండి.
3. బాత్రూం పని: పాత టైల్స్ తీయడం, గోడలో గొట్టాలు, కరెంటు పైపులు, వాటి ఫొటోలు, నీటి పూత, 24 గంటల పరీక్ష, వాలు, టైల్స్, చివర కడ్డీలు. ఫొటో తీసేటప్పుడు గోడకు టేపు ఆనించి తీయండి, రేపు డ్రిల్లు పెట్టేవాడికి లెక్క దొరుకుతుంది.
4. తలుపు, గడపలు.
5. వీధి మెట్లు.

బాత్రూం పని జరిగే రోజుల్లో పెద్దవాళ్లను ఆ ఇంట్లో ఉంచకండి. పగిలిన టైల్స్, దుమ్ము, సిమెంటు బస్తాల మధ్య పడే ప్రమాదమే ఎక్కువ. అక్క ఇంటికో తమ్ముడి ఇంటికో పంపండి. తిరిగొచ్చిన మొదటి వారం కొత్త నేల, కొత్త ఎత్తు అలవాటయ్యే దాకా ఎవరో ఒకరు దగ్గర ఉండాలి.

అప్పగించుకునే ముందు చూడాల్సినవి:

- ఒక బకెట్టు నీళ్లు పోస్తే జాలి దగ్గర తప్ప ఎక్కడా నిలవకూడదు.
- ప్రతి కడ్డీ రెండు చేతులా లాగి చూడాలి.
- రాత్రి అన్ని లైట్లూ ఆర్పి, మెయిన్ స్విచ్ కట్టేసి, మంచం నుంచి బాత్రూం దాకా మీరే నడవాలి.
- గడియ బయటి నుంచి తెరుచుకోవాలి.
- నేల మీద కూర్చుని చేయి చాపితే గంట మీట అందాలి.

తర్వాత నెలకోసారి కడ్డీల బోల్టులు, జాలి, స్టూలు కాళ్ల రబ్బర్లు చూడండి. చేతికర్ర చివరి రబ్బరు బిరడా కూడా చూడండి. అరిగిపోయి నున్నగా మెరుస్తుంటే అదే రోజు మార్చాలి. మందుల దుకాణంలో దొరుకుతుంది, పాతది తీసుకెళ్తే సైజు చూసి ఇస్తారు.